ట్యాలీలో గుర్తున్న కీలు ఎక్సెల్‌లో ఎందుకు గుర్తుండటం లేదు?

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 46. పెళ్లికి ముందు రెండేళ్లు ఒక ఆడిటర్ దగ్గర గుమాస్తాగా చేశారు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఇల్లు, పిల్లలు, మంచాన పడ్డ అత్తగారి సేవ. అమ్మాయి ఇంజినీరింగులో చేరాక, పది నెలల కిందట ఎరువులు, విత్తనాలు అమ్మే ఒక హోల్‌సేల్ కొట్టులో అకౌంట్స్ పనికి కుదిరారు. లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రాముతో ఇబ్బంది లేదట, రోజుకు అరవై డెబ్భై వోచర్లు కొట్టేస్తున్నారు. ఎక్సెల్, బ్రౌజరు, తెలుగు టైపింగు దగ్గరకొచ్చేసరికి చేతులు ఆడటం లేదంటున్నారు.

పక్క సీటులో ఇరవై నాలుగేళ్ల అబ్బాయి ఉన్నాడు. ఏదైనా అడిగితే మౌసు ఆమె చేతిలోంచి తీసుకుని నాలుగు కీలు టకటకా నొక్కి "అయిపోయింది మేడం" అని వెళ్లిపోతాడు. ఏం నొక్కాడో కనిపించదు. మళ్లీ అడిగితే "మొన్నే చెప్పాను కదా మేడం" అంటాడు. పంతం పట్టి వంద షార్ట్‌కట్ల జాబితా ప్రింటు తీసి గోడకు అంటించుకున్నారు. మూడు వారాలైంది, రెండు గుర్తున్నాయి.

ఇంతలో జూన్ స్టేట్‌మెంట్ కోసం మే నెల ఫైలు తెరిచి, దాంట్లోనే అంకెలు మార్చేశారు. మే నెల పోయింది. యజమాని వెళ్లాక రెండు సాయంత్రాలు కూర్చుని మళ్లీ కట్టారు కానీ డీలర్ల మొత్తంలో 1,840 రూపాయల తేడా వస్తూనే ఉంది. యజమానికి చెప్పలేదు. "జూన్ మొదటి వారంలో ఆడిటర్‌కి మెయిల్లో పంపిన లెక్క ఒకటి, ఇప్పుడు నా దగ్గరున్నది ఒకటి. రేపు రెండూ పక్కపక్కన పెడితే నా పరిస్థితి ఏంటి? ఈ వయసులో కొత్తవి బుర్రకెక్కవా? కోర్సులో చేరనా, మానేయనా, ఆయనకు చెప్పేయనా?" ఇవీ ఆమె ప్రశ్నలు. ఇంకా చిన్నాచితకా సందేహాలు కొన్ని రాశారు, వాటి దగ్గరికీ వస్తాను.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు వేర్వేరు బాధలు ఒకే ముడిలో పడ్డాయి. పోయిన ఫైలు ఒకటి, గుర్తుండని కీలు ఒకటి, పక్క సీటు అబ్బాయి ఒకటి. ముందు ఫైలు సంగతి చూద్దాం, దానికి గడువుంది.

ఆడిటర్‌కి మెయిల్లో పంపానని మీరే రాశారు. ఆ మెయిలు మీ సెంట్ ఫోల్డర్‌లో ఇంకా ఉంటుంది. తెరవండి. ఫైలును అటాచ్ చేసి పంపి ఉంటే అది ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఆ తర్వాత మీరు కంప్యూటర్లో ఏం చేసినా దానికి అంటదు. దింపుకుంటే మీ మే నెల మీకు వచ్చేసినట్టే. ఒక్క చిక్కుంది. ఫైలుకు బదులు వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సదుపాయం) లింకు వెళ్లి ఉంటే, లింకు ఎప్పుడూ ఇప్పటి ఫైలునే చూపిస్తుంది. అలాగైతే ఆడిటర్ తెరిచినా జూన్ అంకెలే కనిపిస్తాయి.

లింకే అయితే నిరాశ పడకండి, ఫైలు వన్‌డ్రైవ్‌లో ఉందనడానికి అదే గుర్తు. ఫైలు తెరిచి పైన ఎడమ మూల చూడండి, ఆటోసేవ్ ఆన్‌లో ఉంటుంది. అంటే ఆ రోజు తప్పు సగమే మీది. ఆటోసేవ్ ఉన్నచోట మీరు సేవ్ నొక్కనక్కర్లేదు, మార్చిన ప్రతి అంకె దానంతటదే పాత అంకె మీద కూర్చుంటుంది. "అంకెలన్నీ మార్చి చివర్లో వేరే పేరుతో సేవ్ చేద్దాం" అనే పాత అలవాటు అక్కడ కొంప ముంచుతుంది. దానికి విరుగుడు కూడా అక్కడే ఉంది. ఫైల్, ఇన్ఫో, వెర్షన్ హిస్టరీ. కుడివైపు తేదీలు, టైములు వరసగా వస్తాయి. జూన్‌లో మీరు ముట్టుకోకముందు తేదీ నొక్కితే పాత ఫైలు వేరే కిటికీలో తెరుచుకుంటుంది. పైన కనిపించే రిస్టోర్ మాత్రం నొక్కొద్దు. నొక్కితే ఇప్పటి జూన్ పక్కకు పోయి దాని స్థానంలోకి మే వస్తుంది, ఇంకో గందరగోళం. ఆ పాత కాపీని వేరే పేరుతో విడిగా సేవ్ చేసుకుని, కిటికీ మూసేయండి. సొంత మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే చివరి 25 వెర్షన్లే ఉంటాయి. మీరు ఆ ఫైలులో పనిచేస్తున్న కొద్దీ పాతవి ఒక్కొక్కటే రాలిపోతాయి. గడువుందన్నది ఇందుకే. ఈ పని అయ్యేదాకా ఆ ఫైలులో ఇంకేమీ కొట్టకండి.

ఫైలు కంప్యూటర్ డిస్కులోనే ఉంటే, దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ప్రీవియస్ వెర్షన్స్. చాలా కొట్లలో ఇది ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే ఫైళ్ల పాత రూపాలను దాచే ఫైల్ హిస్టరీ అనే విండోస్ సదుపాయాన్ని ముందే ఎవరో ఆన్ చేసి ఉండాలి. అయినా చూడటానికి అర నిమిషం. "రికవర్ అన్‌సేవ్డ్ వర్క్‌బుక్స్ నొక్కండి" అని ఎవరైనా చెబితే దాంతో కాలం వృథా చేసుకోకండి, అది సేవ్ చేయకుండా మూసేసిన ఫైళ్ల కోసం. మీది సేవ్ అయిపోయిన కేసు.

ఎక్కడా దొరకలేదనుకోండి. అప్పుడు 1,840 సంగతి తేల్చాలి. ఆడిటర్ దగ్గర చేసినవారు కాబట్టి తొమ్మిది సూత్రం మీకు తెలిసే ఉంటుంది: 54 బదులు 45 కొట్టినట్టు అంకెలు తారుమారైతే తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగం అవుతుంది. 1,840 కాదు. కాబట్టి ఒక్కచోట తారుమారై ఇంత తేడా రాదు. రెండో అనుమానం, జమ పడాల్సింది ఖర్చులో పడటం. అప్పుడు తేడా రెట్టింపు వస్తుంది, కాబట్టి సగం వెతకాలి. కంట్రోల్ ఎఫ్ కొట్టి 920 అని వెతకండి. ఆ తర్వాత 1840, కామా లేకుండా.

నా అనుమానం మూడోదాని మీద. డీలర్లు వాట్సాప్‌లో పంపిన మొత్తాలు కాపీ చేసి వేస్తున్నారని రాశారు. అలా వేసినప్పుడు అంకె వెనక కంటికి కనపడని ఖాళీ ఒకటి అంటుకుని వస్తే ఎక్సెల్ దాన్ని అంకెగా చూడదు, అక్షరాలుగా చూస్తుంది. మొత్తం కట్టేటప్పుడు నోరెత్తకుండా వదిలేస్తుంది. తప్పు చూపదు, అదే ప్రమాదం. పట్టుకునే మార్గం ఇదీ: ఆ నిలువు వరసలో అంకెలున్న గళ్లన్నీ సెలెక్ట్ చేసి, కింద కుడివైపు స్టేటస్ బార్ చూడండి. అక్కడ రైట్ క్లిక్ చేసి కౌంట్, న్యూమరికల్ కౌంట్ రెండూ టిక్ పెట్టండి. కౌంట్ 62, న్యూమరికల్ కౌంట్ 61 అని వస్తే, ఒక గడి అంకె వేషం వేసుకున్న అక్షరం. సాధారణంగా అది గడిలో ఎడమవైపుకు ఒదిగి ఉంటుంది. అసలు అంకెలు కుడికి ఉంటాయి. ఆ గడిలో మళ్లీ చేత్తో కొట్టండి, సరిపోతుంది.

యజమానికి చెప్పాలా వద్దా. మే దొరికితే చెప్పినా చెప్పకపోయినా లెక్కకు వచ్చే నష్టమేమీ లేదు, అది మీ మనసు సంగతి. దొరక్కపోతే మాత్రం మీరు తిరిగి కట్టిన లెక్క ఒకటి, ఆడిటర్ చూసింది ఒకటి, రెండు మే నెలలు లోకంలో ఉంటాయి. చెప్పకుండా ఉంటే ఈ నెల గడుస్తుంది, సంవత్సరాంతం లెక్కల్లో ఎవరో పట్టుకుంటారు. అప్పుడు ప్రశ్న ఫైలు గురించి ఉండదు, దాచిపెట్టడం గురించి ఉంటుంది. ఇప్పుడే చెబితే నాలుగు మాటలు పడతాయి. కానీ అదే నోటితో "ఇకమీదట ఇలా జరక్కుండా ఈ ఏర్పాటు చేశాను" అని చూపించగలిగితే ఆ మాటల వేడి తగ్గుతుంది. కాబట్టి చెప్పాలనే నిర్ణయించుకున్నా, ఏర్పాటు చేశాకే ఆయన దగ్గరకు వెళ్లండి.

ఆ ఏర్పాటు మూడు రకాలుగా చేయొచ్చు. అన్నిటికంటే తేలిక: నెల ఫైలు తెరవగానే, ఒక్క అంకె కూడా ముట్టుకోకముందే ఎఫ్12. అది సేవ్ యాజ్. పేరు 2025-06, 2025-07 అని సంవత్సరం ముందు పెట్టి రాస్తే ఫోల్డర్లో నెలలు వరస తప్పవు. దీంట్లో లోపం, మీరు గుర్తుపెట్టుకోవాలి. పని ఒత్తిడిలో ఒకరోజు మర్చిపోతారు. రెండో పద్ధతిలో మర్చిపోయే వీలే లేదు: అంకెలన్నీ ఖాళీ చేసిన స్టేట్‌మెంట్‌ను ఒకసారి ఎక్సెల్ టెంప్లేట్ రకంగా సేవ్ చేయండి. సేవ్ యాజ్ పెట్టెలో ఫైలు రకం దగ్గర ఆ మాట ఉంటుంది. దాన్ని డబుల్ క్లిక్ చేసిన ప్రతిసారీ అసలుది కదలకుండా కొత్త నకలు తెరుచుకుంటుంది. ఇబ్బందల్లా పాత నెల ముగింపు నిల్వలు మీరే తెచ్చి వేసుకోవాలి. మూడోది, డిస్కులో ఉన్న ఫైళ్లకు: సేవ్ యాజ్ పెట్టెలో టూల్స్, జనరల్ ఆప్షన్స్, ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ టిక్. ఇక సేవ్ చేసినప్పుడల్లా అంతకుముందు రూపం పక్కనే బ్యాకప్ పేరుతో మిగులుతుంది. అది ఒక్క మెట్టే వెనక్కి. రెండుసార్లు సేవ్ కొడితే ఆ బ్యాకప్‌లోనూ కొత్త అంకెలే ఉంటాయి.

ఇక జ్ఞాపకశక్తి. "బుర్రకెక్కవా" అని అడిగారు. ట్యాలీలో పేమెంటుకు ఏం నొక్కుతారు? ఎఫ్5. రిసీట్? ఎఫ్6. సేల్స్ ఎఫ్8, పర్చేజ్ ఎఫ్9. వోచరు మధ్యలో కొత్త లెడ్జర్ కావాలంటే ఆల్ట్ సి, పూర్తయితే కంట్రోల్ ఎ. ఇవి చదువుతుంటేనే మీ వేళ్లు కదిలి ఉంటాయి. పది నెలల్లో డజను కీలు నేర్చుకున్నారు, ఏ జాబితా గోడకు అంటించకుండానే. ట్యాలీ ఆ అక్షరాలను తెర మీదే రాసి చూపిస్తుంది, మీరు రోజుకు అరవైసార్లు నొక్కుతారు. అంతే రహస్యం. గోడ మీది వందలో తొంభై మీ పనికి ఎప్పటికీ తగలవు, తగలనిది వేళ్లకు ఎలా వస్తుంది?

అసలు అడ్డంకి ఇంకోటి ఉందనిపిస్తోంది. ట్యాలీ మీ వేళ్లలో అంత బాగా ఎక్కడమే ఇప్పుడు ఇబ్బంది పెడుతోంది. ఒకే కీకి ఒక్కో ప్రోగ్రాములో ఒక్కో అర్థం. కంట్రోల్ ఎ ట్యాలీలో వోచరును భద్రం చేస్తుంది. ఎక్సెల్‌లో షీటునంతా సెలెక్ట్ చేస్తుంది, ఆ వెంటనే డిలీట్ తగిలితే తుడిచేసినట్టే. మెయిలు రాస్తూ కంట్రోల్ ఎ కొట్టి, తర్వాత ఏ అక్షరం నొక్కినా రాసిందంతా పోయి ఆ ఒక్క అక్షరం మిగులుతుంది. ఎఫ్5 ట్యాలీలో పేమెంటు, బ్రౌజరులో పేజీని మళ్లీ తెప్పించడం. జీఎస్టీ పోర్టల్లో సగం నింపిన ఫారం ఒక్కసారిగా ఖాళీ అయిందని రాశారే, ఎఫ్5 తగిలి ఉంటుంది. ఎఫ్2 ట్యాలీలో తేదీ మార్చడానికి, ఎక్సెల్‌లో గడి లోపలికి వెళ్లి దిద్దడానికి, ఫోల్డర్లో ఫైలు పేరు మార్చడానికి. మీ తడబాటును వయసు ఖాతాలో రాయకండి, ఇది దారి తప్పిన అలవాటు. ప్రోగ్రాము మారినప్పుడు అర క్షణం ఆగి, ఎక్కడున్నానని చూసుకుంటే సగం తగ్గుతుంది.

ఎక్సెల్‌కీ ట్యాలీ లాగే అక్షరాలు తెర మీద చూపించే గుణం ఉంది. చాలామందికి తెలియదు. ఆల్ట్ ఒకసారి నొక్కి వదిలేయండి. పైన ప్రతి మెనూ మీద ఒక అక్షరం తేలుతుంది. డబ్ల్యూ నొక్కితే వ్యూ మెనూ అక్షరాలు, ఎఫ్ నొక్కితే ఫ్రీజ్, మళ్లీ ఎఫ్ నొక్కితే ఎంచుకున్న గడికి పైనున్న వరసలు, ఎడమనున్న నిలువు వరసలు కదలకుండా నిలబడతాయి. డీలర్ల పేర్లు కింద కనపడటం లేదన్న మీ బాధ తీరింది. ఆల్ట్, హెచ్, ఓ, ఐ వరసగా నొక్కితే నిలువు వరస వెడల్పు లోపలి మాటకు సరిపడా సర్దుకుంటుంది. పట్టుకుని నొక్కక్కర్లేదు, ఒకదాని తర్వాత ఒకటి, చూసుకుంటూ. నెల రోజుల్లో చూడటం మానేస్తారు.

గోడ జాబితా మీద కోపం వద్దు గానీ చింపేయండి. దాని బదులు ఒక చిన్న కాగితం. మౌసుతో చేస్తూ రోజుకు పదిసార్లకు మించి విసుగొచ్చిన పని ఏదైతే, దాని కీ ఒక్కటే రాసుకోండి. ఒకటి చేతికొచ్చాకే రెండోది. మీ పని చూస్తే నా ఊహ ఇలా ఉంది: మొత్తం కట్టడానికి ఆల్ట్ పట్టుకుని సమానం గుర్తు. ఈ రోజు తేదీకి కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్. నిలువు వరస అడుగుకు దూకడానికి కంట్రోల్ కింది బాణం, అక్కడిదాకా సెలెక్ట్ చేయాలంటే వాటితోపాటు షిఫ్ట్. పై గడిలో ఉన్నదే కింద వేయడానికి కంట్రోల్ డి. ఇవి వస్తే మీ ఎక్సెల్ పని చాలామటుకు గడిచిపోతుంది.

కంట్రోల్ జెడ్ గురించి విడిగా చెప్పాలి. నెమ్మదిగా చేసేవాళ్లలో చాలామందికి కీలు రాకపోవడం కంటే పాడవుతుందన్న భయం ఎక్కువ. ఎక్సెల్ వంద మెట్లదాకా వెనక్కి వెళ్లగలదు, సేవ్ చేశాక కూడా. ఎక్కువ వెళితే కంట్రోల్ వై ముందుకు తెస్తుంది. దాని హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఫైలు మూశాక వెనక్కి దారి లేదు. షీటు మొత్తాన్ని కింది ట్యాబు దగ్గర డిలీట్ చేస్తే కంట్రోల్ జెడ్ దాన్ని తేలేదు. రెండు ఫైళ్లు తెరిచి ఉంటే రెండింటికీ కలిపి ఒకే వరస ఉంటుంది కాబట్టి, ఈ ఫైలులో వెనక్కి నొక్కుతుంటే ఆ ఫైలులో చేసింది కూడా రద్దయిపోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లోకి రావు, నేరుగా పోతాయి. జెడ్, ఎక్స్, సి, వి నాలుగూ కంట్రోల్ పక్కనే వరసగా ఉండటం గమనించారా? కుడిచేయి మౌసు మీద ఉండగానే ఎడమచేయి ఒక్కటే ఆ పనులు చేయగలదు. మీరు కుడిచేతిని మౌసు మీంచి తీసి రెండు చేతులతో నొక్కుతున్నట్టున్నారు, అందుకే కాపీ చేయడం మౌసుతోనే తేలికనిపిస్తోంది.

వాట్సాప్ వెబ్ నుంచి డీలర్ల పేరు, ఊరు, ఫోను ఒక్కొక్కటీ కాపీ చేసి అటూ ఇటూ తిరుగుతున్నానన్నారు. దానికి విండోస్ కీ, వి. మొదటిసారి నొక్కినప్పుడు టర్న్ ఆన్ అని అడుగుతుంది, ఒప్పుకోండి. విండోస్ 10లో 2018 చివర్లో వచ్చిన సదుపాయం, 11లోనూ ఉంది. ఇక వాట్సాప్‌లో వరసగా పది కాపీలు చేసుకుని, ఎక్సెల్‌కి వచ్చి విండోస్ వి నొక్కి ఒక్కొక్కటే ఎంచుకోండి. 25 దాకా దాచుకుంటుంది. కంప్యూటరు ఆపితే పోతాయి, పిన్ చేసినవి మిగులుతాయి. జీఎస్టీ నంబరు, కొట్టు అడ్రసు లాంటివి పిన్ చేసుకోండి. పాస్‌వర్డు మాత్రం కాపీ చేయకండి, ఆ సీటులో తర్వాత కూర్చున్నవారు విండోస్ వి నొక్కితే అది కూడా కనిపిస్తుంది. లేచి వెళ్లేటప్పుడు విండోస్ ఎల్ కొట్టి తాళం వేయడం మంచిది.

పేరు, ఊరు, ఫోను ఒకే గడిలో కలిసి పడితే విడదీయడానికి మళ్లీ కొట్టక్కర్లేదు. పక్క గడిలో మొదటి డీలరు పేరు మాత్రం చేత్తో కొట్టి ఎంటర్, కింది గడిలో కంట్రోల్ ఇ. మిగతా పేర్లన్నీ ఎక్సెలే తీసి పెడుతుంది, 2013 నుంచి తర్వాతి వాటిల్లో. మన పేర్లతో ఒక తంటా ఉంది. ఇంటిపేరు ఒకరు పొడి అక్షరంతో, ఒకరు పూర్తిగా రాస్తే దాని ఊహ తప్పుతుంది. వేశాక పై నుంచి కిందికి ఒకసారి కన్ను వేయండి. ఆధార్ నంబరు కొడితే మధ్యలో ఇ అక్షరంతో వింత అంకె వస్తోందన్నారు. పదకొండు అంకెలు దాటితే ఎక్సెల్ అలా కుదించి చూపిస్తుంది, అంకెలు పోలేదు. కానీ పదిహేను దాటితే నిజంగానే పోతాయి, పదహారో అంకె సున్నా అయిపోతుంది. ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎన్ని అంకెలున్నా ఎగిరిపోతాయి. ఇలాంటి వాటికి కొట్టకముందే ఆ నిలువు వరసను సెలెక్ట్ చేసి, కంట్రోల్ 1, టెక్స్ట్. తర్వాత మారిస్తే పోయినవి తిరిగి రావు.

తేదీలు కూడా చూసుకోండి. కంట్రోల్ సెమీకోలన్ కొట్టినప్పుడు నెల ముందు, రోజు తర్వాత వస్తే కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉన్నట్టు. అప్పుడు మీరు 05/06 అని జూన్ 5 కొడితే అది మే 6 అనుకుంటుంది. 13/06 కొడితే అర్థంకాక అక్షరాలుగా ఎడమకు తోసేస్తుంది. సెట్టింగ్స్‌లో రీజినల్ ఫార్మాట్‌ను ఇంగ్లిష్, ఇండియాకు మార్చాలి. ఇది ఆ అబ్బాయితో చేయించుకోదగ్గ పని, ఒక్కసారే కాబట్టి.

తెలుగులో కొట్టిన ఉత్తరం వాట్సాప్‌లో పిచ్చి గీతల్లా పోతోందన్నారు. కొట్టులో అను ఫాంట్లు వాడుతున్నారు, అందుకు. వాటిల్లో కంప్యూటరు దృష్టికి ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగు బొమ్మ తొడుక్కున్న ఇంగ్లిష్ గుర్తులు. ఆ ఫాంటు లేనిచోట తొడుగు ఊడిపోతుంది. ఫోన్లు, మెయిళ్లు, ప్రభుత్వ సైట్లు అన్నిటికీ కావలసింది యూనికోడ్ తెలుగు. విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద తెలుగు చేర్చి, దాని ఆప్షన్లలో కీబోర్డు దగ్గర తెలుగు ఫోనెటిక్ ఎంచుకోండి. ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం కొడితే తెలుగు మాటలు సూచిస్తుంది. ఇంగ్లిష్‌కూ తెలుగుకూ మారడానికి విండోస్ కీ, స్పేస్ బార్. ఆల్ట్, షిఫ్ట్ కలిసి తగిలినా భాష మారిపోతుంది. పాస్‌వర్డు సరిగ్గానే కొట్టినా తప్పంటుంటే కింద కుడి మూల ఏ భాష ఉందో చూడండి. అనును పూర్తిగా వదిలేయమని చెప్పను. కరపత్రం వేసే ప్రెస్సు వాళ్లు పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్ వాడుతుంటే దానికి యూనికోడ్ తెలుగు చేతకాదు, వాళ్లు అనులోనే అడుగుతారు. పాత ఉత్తరాలను మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, మార్చాక ఒత్తులు, అంకెలు చదివి చూసుకోవాలి.

రీల్స్‌లో చిట్కాలు చూస్తున్నానన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. ఏదైనా వెబ్ పేజీ "మీరు రోబో కాదని నిరూపించడానికి విండోస్ ఆర్ నొక్కి, కంట్రోల్ వి కొట్టి, ఎంటర్ నొక్కండి" అంటే అక్కడికక్కడే మూసేయండి. ఆ పేజీ మీకు తెలియకుండా ఒక ఆదేశాన్ని ముందే కాపీ చేసి ఉంచుతుంది. మీ చేత్తో మీరే దాన్ని నడిపిస్తారు, అది పాస్‌వర్డులు ఎత్తుకెళుతుంది. కొట్టు బ్యాంకు ఖాతా తెరిచే కంప్యూటరు కాబట్టి మరీ జాగ్రత్త. నిజమైన పరీక్ష ఏదీ కీబోర్డు మీద విండోస్ కీ నొక్కమని అడగదు.

ఆ అబ్బాయి సంగతి. మీ ఉత్తరంలో అతని గురించి రాసినచోట కలం గట్టిగా నొక్కినట్టుంది. అతనిది పొగరు కావచ్చు, నేర్పడం రాకపోవడమూ కావచ్చు. వేళ్లకు వచ్చిన పనిని మాటల్లో చెప్పడం కష్టం. ట్యాలీలో వోచరు ఎలా కొడతారో చూడకుండా చెప్పమంటే మీరూ తడుముకుంటారు. ఈసారి మౌసు ఇవ్వకండి. "బాబూ, నువ్వు చెబుతూ ఉండు, నేను నొక్కుతాను" అనండి. అతనికి విసుగొస్తుంది, రెండు నిమిషాల పని ఐదవుతుంది. కానీ నొక్కింది మీ వేలు కాబట్టి రేపు మళ్లీ అడగాల్సిన పని తగ్గుతుంది. పనిలో ఉన్నప్పుడు పిలవకుండా, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని సాయంత్రం కొట్టు కట్టేముందు ఒకేసారి అడిగితే అతనూ తేలిగ్గా తీసుకుంటాడు. అప్పటికీ ముఖం చిట్లిస్తే అతన్ని వదిలేయండి, మీ అమ్మాయి ఉంది. తెర మీద ఏదైనా ఎర్రర్ వస్తే ఓకే కొట్టేయకుండా విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి ఆ ముక్క గీసి, వాట్సాప్‌లో కంట్రోల్ వి కొట్టి పంపండి. చూడకుండా ఎవరూ చెప్పలేరు. డీలర్ల పేర్లు, అంకెలు మాత్రం అందులో పడకుండా చూసుకోండి.

కోర్సు విషయంలో, ఫీజు కట్టేముందు ఒక ప్రశ్న అడగండి: "మా కొట్టు స్టేట్‌మెంట్ లాంటిది తెస్తే దాని మీద నేర్పుతారా?" అవునంటే చేరండి, ప్రశ్న అడిగితే కసురుకోని మనిషి దొరకడమే పెద్ద లాభం. "సిలబస్ ప్రకారం మొదటి నుంచి" అంటే వర్డ్‌లో అక్షరాలు లావు చేయడం దగ్గర మొదలుపెడతారు, మీకు కావలసింది మూడో నెలలో వస్తుంది. సర్టిఫికెట్ అవసరమైతే అది వేరే సంగతి. మానేయడం గురించి ఇప్పుడే తేల్చకండి. మే ఫైలు దొరికాక ఒక నెల చేసి చూడండి, అప్పటికీ పొద్దున్నే కడుపులో తిప్పినట్టుంటే కారణం కీబోర్డు కాదు, ఆ చోటు. ట్యాలీ ఇంత బాగా వచ్చినవారికి ఇంకో కొట్టు దొరుకుతుంది.

చివర్లో అడిగిన చిన్న సందేహాలు. ఎక్సెల్‌లో బాణం కీ నొక్కితే గడి కదలకుండా షీటంతా జరుగుతోందంటే స్క్రోల్ లాక్ పడింది, ఆ కీని మళ్లీ ఒకసారి నొక్కండి. మెయిల్లో అక్షరాలు ఒక్కసారిగా పెద్దవైతే, కంట్రోల్ పట్టుకుని ఉండగా మౌసు చక్రం తిరిగింది. కంట్రోల్ సున్నా కొడితే బ్రౌజరులో మామూలు అవుతాయి. పొరపాటున మూసిన ట్యాబు కంట్రోల్ షిఫ్ట్ టితో తిరిగొస్తుంది. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే కూతపెట్టి ఏదో అడుగుతోందన్నది స్టిక్కీ కీస్. ఒక చేత్తో మాత్రమే కొట్టగలిగేవారి కోసం పెట్టిన సదుపాయం, కంప్యూటరు పాడవలేదు. "నో" నొక్కండి. మళ్లీ రాకూడదంటే అదే పెట్టెలో కింద ఉన్న లింకు తెరిచి, ఆ ఐదు నొక్కుల షార్ట్‌కట్‌ను ఆఫ్ చేయండి.